ఆ బండి తిన్నగా పోయి యుండినచో



నేడు నేను మాటలాడ బూనిన విషయము 1914వ సంవత్సరమున యూరపు ఖండము మహాయుద్ధపు టంచున నిలిచి యుండిన దినములను గూర్చినది. నేను నర్సీపట్నము తాలూకాలో పుట్టి అచ్చటనే ముదిసినవాడను. యూరపును కన్నులార చూచినవాడను కాను. పైగా నేను చెప్పబోవునది జరిగిన చరిత్ర మాత్రమే గాక, జరుగుటకు వీలుండియు జరుగకపోయిన చరిత్ర కూడ. ఇట్టి ప్రశ్నలను చరిత్రకారులలో ననేకులు మెచ్చరు. జరిగినదానిని తెలిసికొనుటకే ఆయుస్సు చాలనప్పుడు జరుగనిదాని గొడవ యేల యని వారి వాదము. మన గ్రామములలో మాత్రము ఇది క్రొత్త సంగతి కాదు. కైక వరము లడుగకున్నచో నేమగును, ధర్మరాజు రెండవ జూదమునకు పోకున్నచో నేమగును అని రచ్చబండల మీద తెల్లవాఱిన రాత్రులు మీరెఱుగనివి కావు.

ఈ ప్రశ్నను నాకు వేసినది పండితుడు కాడు. అక్షరజ్ఞానము లేని మా పెద్దమామ్మ. మా తాతగారి అన్నగారి భార్య.

1960వ సంవత్సర ప్రాంతమున నేను బడిలో చదువుచుంటిని. పాఠము బిగ్గరగా చదివినగాని చదివినట్లు కాదని మా తాతగారి శాసనము. ఒకనాటి సాయంకాలము అరుగు మీద లాంతరు ముందు కూర్చుండి మొదటి ప్రపంచయుద్ధపు పాఠమును చదువుచుంటిని. పెద్దమామ్మ ఆ ప్రక్కనే కూర్చుండి చింతపండులో గింజలు తీయుచుండెను. పుస్తకములో ఆ హత్యను గూర్చి రెండే వాక్యము లుండెను. మా ఉపాధ్యాయుడు మాత్రము కథ యెఱిగినవాడగుటచే తరగతిలో దానిని విస్తరించి చెప్పియుండెను. నేను ఉత్సాహము పట్టలేక ఆ కథ యంతయు ఆమెకు వినిపించితిని. మీకును ముందుగా దానిని చెప్పవలసి యున్నది.

ఆ కాలమున యూరపు నడుమ ఆస్ట్రియా-హంగరీ యను పెద్ద సామ్రాజ్య ముండెను. జర్మనులు, హంగేరియనులు, చెక్కులు, పోలులు, రుమేనియనులు, సెర్బులు, క్రోటులు మొదలగు పెక్కు జాతులవారు అందు ఒక్క కప్పు క్రింద కాపురము చేయుచుండిరి. ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి 1848 నుండి ఏలుచు వృద్ధుడై పోయెను. అతని యొక్క కుమారుడు 1889లో మరణించుటచే తమ్ముని కుమారుడగు ఫ్రాంజ్ ఫెర్డినాండు యువరాజయ్యెను. 1908లో బోస్నియా దేశమును ఆస్ట్రియా తన రాజ్యములో కలుపుకొనగా, ప్రక్కనున్న సెర్బియాకు అది కడుపుమంట యయ్యెను. బోస్నియాలోని సెర్బు యువకులకు ఇంకను మంట.

1914 జూన్ 28వ తేదీ, ఆదివారము. యువరాజును అతని భార్య సోఫీయు బోస్నియా ముఖ్యపట్టణమగు సరయేవోకు వచ్చిరి. మోటారు బండ్లు వరుసగా ఏటి గట్టున నున్న రాజవీథిని పోవుచుండగా, దారి పొడవున ఆఱుగురు యువకులు బాంబులతోను పిస్తోళ్ళతోను కాచి యుండిరి. వారిలో నొకడు బాంబు విసరెను. అది యువరాజు బండి వెనుకభాగమునకు తగిలి జాఱి క్రిందపడి, వెనుక వచ్చు బండి దగ్గఱ ప్రేలెను. కొందఱికి గాయములు తగిలెను. యువరాజునకు ఏమియు కాలేదు. అతడు పురమందిరమునకు పోయి, స్వాగతపత్రము విని, తిరుగు ప్రయాణములో గాయపడిన వారిని ఆసుపత్రిలో చూడవలెనని పట్టుబట్టెను.

అప్పుడు అధికారులు ఒక నిర్ణయము చేసిరి. ముందు అనుకొనిన సందు త్రోవను పోక, ఏటి గట్టు వెంబడి తిన్నగా పోవలెనని. మంచి నిర్ణయమే. కాని దానిని బండ్లు తోలువారికి చెప్పినవాడు లేడు. మన వివాహములలో వంటవానికి తప్ప అందఱికిని విందు వేళ మాఱినదని తెలిసినట్లు! మొదటి బండి పాత యేర్పాటు ప్రకారము లాటిన్ వంతెన కెదురుగా కుడిప్రక్క వీథిలోనికి తిరిగెను. యువరాజు బండియు వెంబడించెను. లోపలనున్న రాష్ట్రాధిపతి పోటియోరెక్ "ఇది త్రోవ కాదు, ఆపుము" అని కేకవేసెను. బండి ఆగెను. అది ఆగినచోట, ఒక తినుబండారముల అంగడి ముందు, ఆఱుగురిలో నొకడగు గవ్రిలో ప్రిన్సిప్ నిలిచి యుండెను. పందొమ్మిదేండ్ల వాడు. కొన్ని అడుగుల దూరము. రెండు గుండ్లు. యువరాజును భార్యయు మరణించిరి. (ఆ కుఱ్ఱవాడు అప్పుడు అంగడిలో ఏదో కొని తినుచుండెనని యొక కథ లోకములో ప్రచారమున నున్నది. దానికి ఆధారము లేదు. నమ్మకుడు.)

నేనీ కథ ముగించగానే పెద్దమామ్మ చేతిలోని చింతపండు గిన్నెను ప్రక్కన పెట్టి ఇట్లడిగెను: "ఆ బండి తిన్నగా పోతే, మీ పెద్దతాత యింటికొచ్చేవోరేట్రా?"

నాకు సమాధానము తెలియలేదు. లోపల భోజనము చేయుచున్న మా తాతగారు అన్నము కలుపుట మాని అట్లే కూర్చుండిపోయిరి.

పెద్దతాత సంగతి చెప్పెదను. 1916లో బస్రా పట్టణమున నౌకల నుండి సరకులు దింపుటకును, బాటలు వేయుటకును కూలిదళములను కూర్చుచుండిరి. మేస్త్రీ యొకడు మా ప్రాంతమునకు వచ్చి నెల జీతము, రెండు పూటల భోజనము, బట్టలు నని చెప్పగా పెద్దతాత బయలుదేరెను. పెండ్లియై రెండేండ్లు కాలేదు. నర్సీపట్నము రోడ్డు అను పేరుగల రైలు స్టేషను మా ఊరికి చాల దూరమని మీరెఱుగుదురు. అంతవఱకును మా తాతగారు బండి కట్టుకొని పోయి దిగవిడిచి వచ్చిరి. రెండు మనియార్డరులు వచ్చెను. మూడవది రాలేదు. జాబు రాలేదు. చనిపోయినట్లు కాగితమును రాలేదు.

ఈ కారణమున ఆమె ప్రశ్న వట్టి వినోదము కాదు. పెద్దవాడనైన పిదప దొరకిన పుస్తకములెల్ల చదివి దానికి సమాధానము వెదకుచు వచ్చితిని.

బండి తిన్నగా పోయెననుకొందము. యువరాజు ఆసుపత్రి చూచి, రైలెక్కి వియన్నా చేరెను. అటుపై నేమి? ఇచ్చట లోకము తఱచుగా మఱచిన సంగతి యొకటి కలదు. ఆస్ట్రియా కొలువులో సెర్బియాతో యుద్ధము వలదని గట్టిగా వాదించిన ప్రముఖుడు ఈ యువరాజే. సేనానియగు కాన్రాడ్ సెర్బియాను దండింపుడని పదేపదే చక్రవర్తి కడకు పోవుచుండగా, యువరాజు అతనిని వెనుకకు లాగుచుండెను. రష్యాతో యుద్ధము వచ్చినచో రెండు రాజవంశములును కూలునని అతని భయము. అతడు మృదుస్వభావుడు కాడు; కోపిష్ఠి; హంగేరియనులన్న గిట్టనివాడు. కాని ఈ యొక్క విషయమున వివేకి. అతనిని చంపిన గుండు యుద్ధమునకు నిమిత్తమును ఇచ్చెను, యుద్ధమును ఆపు చేతిని కూడ తీసివేసెను.

అతడు బ్రతికియున్నచో 1916 నవంబరులో వృద్ధ చక్రవర్తి గతించినప్పుడు సింహాసన మెక్కియుండును. ఆస్ట్రియాకును హంగరీకిని నడుమ పదేండ్ల కొకమారు ఆర్థిక వ్యవహారములు క్రొత్తగా కుదుర్చుకొను వాడుక. 1907 తరువాత వాయిదా 1917. ఆ వాయిదాలో అతడు హంగేరియనుల పట్టు సడలించి తక్కిన జాతులకు భాగమిచ్చుటకు యత్నించి యుండును. పొపొవిచి యను రుమేనియను 1906లోనే సామ్రాజ్యమును భాషాజాతుల ననుసరించి సంయుక్త రాష్ట్రములుగా విభజింపవలెనని గ్రంథము వ్రాసి యుండెను. యువరాజు పరివారములో అట్టి ఆలోచనలకు చోటుండెను. ఇదంతయు సుఖముగా జరిగి యుండునని నేననను. హంగరీలో తిరుగుబాటే పుట్టియుండవచ్చును. కాని ఇంటిలో అన్నదమ్ముల పంపకము జరుగుచున్న గృహస్థు పొరుగువానితో గట్టుతగవు పెట్టుకొనడు.

ఇందులకు ప్రతివాదము కలదు. యూరపంతయు మందుగుండు కొట్టుగా నున్నప్పుడు ఒక నిప్పురవ్వ తప్పినచో మఱియొకటి పడదా యని. జర్మనీయు ఇంగ్లండును 1906 నుండి పెద్ద యుద్ధనౌకలను పోటీపడి కట్టుచుండెను. ఫ్రాన్సు 1871లో పోయిన రెండు పరగణాలకై కనిపెట్టుకొని యుండెను. రష్యా తన రైలుమార్గములను, సైన్యమును 1917 నాటికి పూర్తిగా పెంచుకొనునని జర్మను సేనానులు భయపడుచు, యుద్ధము తప్పనిచో ముందుగా వచ్చుటయే మేలని తలచుచుండిరి. ఈ వాదమును నేను తేలికగా త్రోసివేయను. అయినను 1908లో బోస్నియా తగవు, 1911లో మొరాకో తగవు, 1912, 1913లలో బాల్కను యుద్ధములు, ఇవన్నియు వచ్చి పోయినవి కదా! బాల్కను యుద్ధముల కాలమున లండనులో రాయబారులందఱు కూర్చుండి మాటలతోనే పెద్ద రాజ్యములను దూరముగా నుంచగలిగిరి. మూడు నాలుగు మార్లు తప్పినది ఆ మాటును తప్పుట అసాధ్య మెట్లగును? 1917 దాటినచో రష్యా బలము చూచి జర్మనీయే వెనుకంజ వేసి యుండునని నా యూహ.

హత్య జరిగిన పిమ్మట కూడ ముప్పదియేడు దినములు గడువు ఉండెను. జూలై 23న ఆస్ట్రియా సెర్బియాకు నలువదియెనిమిది గంటల గడువుతో తాకీదు పంపెను. 25న సెర్బియా చాలవఱకు తలవంచుచు బదులిచ్చెను. 26న ఇంగ్లండు విదేశాంగమంత్రి గ్రే నాలుగు రాజ్యముల సభ పెట్టుదమనెను, జర్మనీ ఒప్పుకొనలేదు. 28వ తేదీ ఉదయమున జర్మను కైజరు సెర్బియా బదులు చదివి, ఇక యుద్ధమునకు కారణము లేదనియు, ఆస్ట్రియా బెల్‌గ్రేడును మాత్రము పట్టుకొని ఆగిన చాలుననియు వ్రాసెను. ఆ మాట వియన్నా చేరులోపలనే ఆస్ట్రియా యుద్ధము ప్రకటించెను. 29వ తేదీ రాత్రి రష్యా చక్రవర్తి నికొలాసు, కైజరు పంపిన తంతి చదివి, సర్వసైన్య సమీకరణపు టాజ్ఞను రద్దు చేసెను. మఱునాడు మంత్రులును సేనానులును చుట్టుముట్టగా మరల ఆజ్ఞ యిచ్చెను.

ఆ ఒక్క రాత్రిని గూర్చి నేను చాలమార్లు తలపోసితిని. జాతరలో రథము కదలకముందు పది మంది ఆపగలరు. కదలిన తరువాత మోకు పట్టినవాడే పరుగెత్తవలెను. సైన్యములను కదలించు పద్ధతియంతయు రైళ్ళ వేళల పట్టికల మీద నడచుచుండెను. ఏ రైలు ఏ వంతెన ఏ నిమిషమున దాటవలెనో ముందే వ్రాసియుండెను. రష్యా కదలగానే జర్మనీ తన పథకము ప్రకారము రష్యా మీదికి గాక ముందు బెల్జియము మీదుగా ఫ్రాన్సు మీదికి పోవలసి యుండెను. ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్సు మీద జర్మనీ యుద్ధము ప్రకటించెను. 4న బెల్జియములో అడుగిడెను. ఆ రాత్రి ఇంగ్లండు దిగెను. ఇంగ్లండుతో పాటు, అడుగకయే, మనలను దింపిరి.

ఆ వేళకు మన దేశపు సంగతి యేమి? తిలకు ఆఱేండ్లు మాండలే చెఱలో నుండి 1914 జూన్ మధ్యను, అనగా సరయేవో హత్యకు రెండు వారములలోపు ముందుగా, ఇల్లు చేరెను. గాంధీ జూలై 18న దక్షిణాఫ్రికా విడచి ఇంగ్లండునకు ఓడ యెక్కెను. అతడు చేరునప్పటికి యుద్ధము మొదలయ్యెను. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగి యుండెను. కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఆంధ్రపత్రిక 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రికయయ్యెను. అట్లు తెలుగువారికి తమ భాషలో దినపత్రిక చేతికి వచ్చిన నాలుగు నెలలకే అందు యుద్ధవార్తలు నిండెను. పాండ్రంగిలో పుట్టిన బాలు డొకడు సరయేవో హత్య జరిగిన ఆఱవనాటికి పదునేడేండ్లు నిండినవాడయ్యెను. అతనికడకు మరల వత్తును.

యుద్ధము మనకు సముద్రము మీదుగా వచ్చెను. ఎండెన్ అను జర్మను యుద్ధనౌక సెప్టెంబరులో బంగాళాఖాతమున తిరుగుచు వర్తకనౌకలను వరుసగా ముంచెను. 22వ తేదీ రాత్రి మద్రాసు రేవు మీద నూటికి పైగా గుండ్లు ప్రేల్చి చమురు తొట్లను కాల్చి పోయెను. ఆ భయము ఎట్టిదనగా, అరవ భాషలో గట్టివానిని, గడుసువానిని నేటికిని ఎండెన్ అందురు. నవంబరు 9న కోకోసు దీవుల కడ ఆస్ట్రేలియా నౌక సిడ్నీ దానిని ధ్వంసము చేసెను. తరువాత ధరలు పెరిగెను. సీమ నుండి గుడ్డ రాక, కిరసనాయిలు దొరకక, బియ్యము ప్రియమై, 1918 సెప్టెంబరులో మద్రాసులోను, తక్కిన పట్టణములలోను జనులు అంగళ్ళను దోచిరి. ఆ సంవత్సరముననే బొంబాయి రేవున ఓడలలో దిగిన విషజ్వరము రైళ్ళ వెంబడి దేశమంతట ప్రాకి, భారతదేశమున కోటికి పైగా జనులను చంపెను. మా యింట మా తాతగారి తల్లియు, చెల్లెలును ఒకే వారమున పోయిరి. యుద్ధము లేకున్న ఆ జ్వరము రాకుండునా యన్నచో వైద్యులే నిశ్చయముగా చెప్పలేరు. ఇంత వేగముగా, ఇన్ని ఓడల సైనికులతో మాత్రము వచ్చియుండదు.

బస్రాకు మనవారిని ఏల పంపిరని కూడ చెప్పవలెను. ఇంగ్లండు తన యుద్ధనౌకలను బొగ్గు నుండి చమురునకు మార్చుచుండెను. పారశీకపు చమురు కంపెనీలో ప్రభుత్వమే పెద్దభాగము కొనుటకు పార్లమెంటు సమ్మతించినది 1914 జూన్‌లోనే, హత్యకు కొలది దినముల ముందు. తురుష్కులు జర్మనీ పక్షము చేరగా, ఆ చమురును కాపాడుటకు భారతసైన్యము నవంబరులో బస్రాను పట్టుకొనెను. అచ్చట నుండి ఏటి వెంబడి పైకి పోయిన దళము కూట్ అను ఊర చిక్కి, ఆకలితో మాడి, 1916 ఏప్రిల్ 29న లొంగిపోయెను. పడవలు లేవు, బాటలు లేవు, మందులు లేవని తరువాత విచారణలో తేలెను. ఆ లోపము తీర్చుటకే కూలిదళములు. యుద్ధకాలమున పదమూడు లక్షలకు పైగా భారతీయులను చేర్చుకొనిరి. సుమారు 74,000 మంది తిరిగి రాలేదు.

ఇక నర్సీపట్నము సంగతి. యుద్ధము ముగిసిన పిదప 1919లో రౌలట్ చట్టము, జలియన్‌వాలా బాగు, అటుపిమ్మట ఖిలాఫతు, సహాయ నిరాకరణము. ఇవి యన్నియు యుద్ధము కన్న బిడ్డలు. నే నిందాక చెప్పిన పాండ్రంగి బాలుడు అల్లూరి సీతారామరాజు 1917 ప్రాంతమున కృష్ణదేవిపేట చేరి, జపతపములతో నుండి, మన్యమువారికి కల్లు మానుడనియు, కోర్టులకు పోక పంచాయతీలు పెట్టుకొనుడనియు చెప్పుచుండెను. ఆ మాటలలో సహాయ నిరాకరణపు వాసన స్పష్టము. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి తుపాకులను తీసికొనిపోయెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఇద్దఱు ఆంగ్ల అధికారులు అతని దళము చేతిలో మరణించిరి. 1924 మే 7న అతనిని కాల్చి చంపిరి.

యుద్ధము రాకున్నచో ఈ పోరాటమును లేకపోయెడిదా? కొందఱు మిత్రులు అట్లు వాదింతురు. నేనొప్పుకొనను. మన్యపువారికి అడవిని మూసివేసినది 1882 నాటి అటవీచట్టము. పోడు కొట్టరాదన్నది యుద్ధము కాదు. నర్సీపట్నము నుండి చింతపల్లి వైపు కనుమబాట వేయుటలో కూలివాండ్రకు సరిగా కూలి యీయక, కొట్టి పని చేయించినవాడు కైజరు కాడు. 1879లో రంపలోను, 1886లో గూడెములోను పితూరీలు లేచినప్పుడు ప్రిన్సిప్ పుట్టనేలేదు. కావున కొండలలో మంట యెట్లును లేచియుండును. మార్పంతయు ఇచ్చట నున్నది: దానిని దేశపు కోరికతో ముడివేసిన మైదానపు యువకుడు ఒకడుండునా, లేక అతడు కృష్ణదేవిపేటలో మూలికలిచ్చు సన్న్యాసిగానే వృద్ధుడై పోవునా? రెండవదే జరిగియుండునని నాకు తోచును. తోచునని మాత్రమే చెప్పగలను.

స్వరాజ్యము మాట మఱింత చిక్కు. యుద్ధము లేనిచో ఇంగ్లండు అప్పులపాలు కాదు, బలము తగ్గదు. 1917 ఆగస్టునాటి బాధ్యతాయుత ప్రభుత్వపు ప్రకటనయు చేయదు. హిట్లరు మ్యూనిక్కులో బొమ్మలు గీచి అమ్ముకొనుచుండును. రెండవ యుద్ధమును లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నము మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడవు. (నాడు పట్టణము విడచి బండ్ల మీద వచ్చిన చుట్టములు మా యింటిలో రెండు నెలలు ఉండిరట. వారందఱికి వండి పెట్టినది పెద్దమామ్మయే.) కాని 1947 ఆగస్టు కూడ 1947లో రాదు. ఎప్పుడు వచ్చునో, నెత్తురు తక్కువతో వచ్చునో ఎక్కువతో వచ్చునో, నేను లెక్క కట్టలేకపోయితిని. యూరపువారి శాంతి మన చెఱను పొడిగించి యుండుననుట మింగుటకు చేదుగా నున్నది. అయినను చెప్పక తప్పదు.

స్కాట్ కవర్డు, హైటరుల సమాధులు నర్సీపట్నములో నున్నవి. పేర్లు చెక్కిన రాళ్ళు కలవు. సీతారామరాజు సమాధి కృష్ణదేవిపేటలో కలదు. 2022లో మన్యమునకు అతని పేరనే జిల్లాయు ఏర్పడినది. మా పెద్దతాతకు రాయి యెచ్చట? బస్రాలో నొక పెద్ద స్మారకము కలదు. సమాధి తెలియని నలుబది వేల మందికి పైగా మృతుల కొఱకు కట్టిరి. అందు ఆంగ్లేయ సైనికులకు పేర్లు చెక్కిరి. భారతీయులలో అధికారులకు మాత్రము పేర్లు. తక్కినవారికి దళమునకు ఇంతమంది యని లెక్క. 1917లో స్థాపితమైన యుద్ధసమాధుల కమిషనువారు 2021లో తామే ఒక నివేదిక ప్రకటించి, ఆసియా, ఆఫ్రికావాసులను సమానముగా స్మరింపలేదని క్షమాపణ చెప్పిరి. ఆ నివేదిక వచ్చిన పిమ్మట నేను మా మనుమని చేత వారి జాబితాలలో పెద్దతాత పేరును, ఊరును వెదకించితిని. పేరు పలుకు తీరు మార్చి మార్చి వెదకినను దొరకలేదు.

ఆమె బ్రతుకంతయు ఈ దొరకకపోవుటలోనే గడచెను. పండ్రెండేండ్లు వార్త తెలియనివానికి దర్భలతో బొమ్మ చేసి సంస్కారము చేయవలెనని శాస్త్రము తెలిసినవారు మా ముత్తాతకు చెప్పిరట. ఊరి పెద్దలు రెండు పక్షములైరి. చేసినచో ఆమె విధవ; చేయకున్నచో పేరంటములకు పిలువవచ్చునా, పిలువరాదా? ఆమె బొట్టు తీయనన్నది. "కాగితం రానీండి, తీస్తాను" అన్నదట. కాగితము రాలేదు. కొందఱు పిలిచిరి, కొందఱు పిలువలేదు. పిలువనివారి వీథిని ఆమె నీళ్ళకు కూడ పోవుట మానెను.

పెద్దవాడనై, ఇప్పుడు మీకు చెప్పినదంతయు నాకు కొంత తెలిసిన తరువాత, 1970లో ఒకనాడు ఆమె ప్రక్కన కూర్చుండి ఆ పాత ప్రశ్నకు బదులు చెప్పితిని. బండి తిన్నగా పోయియున్నచో ఆ సంవత్సరము యుద్ధము రాదు, బస్రాకు పిలుపు రాదు, పెద్దతాత పోడు అని. ఆమె చాలసేపు ఊరకుండెను. తరువాత, ఆ యేడు పంట పోయినదనియు, బస్రా పిలుపు లేకున్న రంగూను ఓడ యెక్కవలెనని అతడు ముందే అనుకొనినాడనియు చెప్పెను. మా ప్రాంతమునుండి ఏటేట ఎందఱో రంగూను పోవుచుండిరి. వారిలో పెక్కుమంది తిరిగి వచ్చుచుండిరి.

"రంగం యెల్లినోళ్ళు ఒచ్చీవోరు" అని ఆమె రెండుమార్లు అనెను.

మఱుసటి యేడు ఆమె కాలము చేసెను. అప్పటికి మా తాతగారికి ఎనుబది దాటెను. వాకిట పెద్దలు ఎట్లు సాగనంపవలెనని గుసగుసలాడుచుండగా, ఆయన కఱ్ఱ ఊతగా లేచి వచ్చి, ఎవరితోను చర్చింపక, ముత్తైదువలను లోపలికి పిలిచిరి. వారు ఆమెకు పసుపు రాచి, కుంకుమ పెట్టి, పూలు ముడిచిరి. పూర్వము పేరంటమునకు పిలువని యింటి కోడలును వారిలో నుండెను.